కర్నూలుకు బెజవాడ ఎంత దూరం?

మా కర్నూలు విమానాశ్రయం ఉన్న ఓర్వకల్లు నుంచి బెజవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరానికి గాలిలో గీత గీస్తే సుమారు 295 కిలోమీటర్లు. అదే ఓర్వకల్లు నుంచి బెంగళూరు విమానాశ్రయానికి దాదాపు 280. లెక్క ప్రకారం రెండూ మాకు ఇంచుమించు ఒకే దూరం. అయినా చదువుకో, ఉద్యోగానికో, వైద్యానికో ఇల్లు కదిలే కర్నూలువాళ్లకు బెంగళూరు పక్కూరిలా ఉంటుంది, బెజవాడ మాత్రం ఎక్కడో ఉన్నట్టుంటుంది. కారణం నల్లమల. మా ఊరి చరిత్రలో ఈ కొండల పాత్రను మనం చాలా తక్కువగా చెప్పుకున్నామని నా వాదన.

బెంగళూరుకు 44వ నంబరు జాతీయ రహదారి తిన్నగా తీసుకెళ్తుంది. బెజవాడకు వెళ్లాలంటే ఆత్మకూరు నుంచి దోర్నాల దాకా అడవి దారి. పులుల అభయారణ్యం కాబట్టి రాత్రివేళ బండ్లను వదలరు. లేదా నంద్యాల దాటి గిద్దలూరు ఘాట్ ఎక్కాలి. రైలు సంగతి ఇంకా కష్టం. కర్నూలు నుంచి నంద్యాలకు నేరుగా పట్టాలు లేవు. తూర్పున ఉన్న ఊరికి ముందు దక్షిణాన డోన్‌కు దిగి, అక్కణ్ణుంచి మళ్లాలి. గాజులపల్లె దాటాక చెలమ, దిగువమెట్ట మీదుగా మలుపులు తిరుగుతూ అడవిలోంచి సాగాలి. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. హైకోర్టు గుంటూరుకు వెళ్లింది. రాజధాని, హైకోర్టు కోస్తా, రాయలసీమల్లో చెరొకచోట ఉండాలన్న 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికలోని మాట అలా నెరవేరింది కానీ, ప్రభుత్వం కొండకు ఇవతల, న్యాయస్థానం అవతల మిగిలాయి. 1956లో రాజధాని పోవడానికి తెలంగాణతో విలీనం, హైదరాబాదులో సిద్ధంగా ఉన్న భవనాలు కారణాలన్నది నిజమే. కానీ కోస్తావాళ్లకు కర్నూలు ఆ మూడేళ్లలోనూ దగ్గర కాలేదంటే, అందులో నల్లమలకూ వాటా ఉంది.

ఆ కొండను లెక్కచేయని మొదటి వాహనం విమానమే. ఓర్వకల్లు నుంచి 2021 మార్చి 28న సర్వీసులు మొదలైనప్పుడు బెంగళూరు, చెన్నై, విశాఖలకు నడిచాయి. విజయవాడకు విమానం 2025 జులై 2న గానీ రాలేదు. రోడ్డు బాగున్న బెంగళూరుకు ముందు, దారి కష్టమైన బెజవాడకు చివర! ఈ వరస తలకిందులని నా అభిప్రాయం.

ఇంత చిన్న దూరానికి విమానమెందుకని అడిగేవారున్నారు. ఏటీఆర్ రకం విమానం గంటకు 500 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఎక్కడం, దిగడం కలుపుకుని గంటలోపు ప్రయాణం. కర్నూలు నుంచి ఓర్వకల్లుకు, గన్నవరం నుంచి బెజవాడకు రోడ్డు, మధ్యలో తనిఖీలు అన్నీ కలిపితే మూడున్నర గంటలు దాటొచ్చు. ఒప్పుకుంటాను. కానీ బస్సులో ఏడెనిమిది గంటలు పడుతుంది కాబట్టి సగం సమయం మిగిలినట్టే. బెంగళూరు విషయంలో ఇంత లాభం ఉండదు. ఇక డెబ్భై చిల్లర సీట్ల విమానం ఎందరికి అందుతుందన్న ప్రశ్న గట్టిది. కూలికీ, విద్యార్థికీ అది దొరకదు. వాళ్ల కోసం కర్నూలు–నంద్యాల రైలు మార్గం వేయాల్సిందే. అయితే ఆ పట్టాలు పడేదాకా విమానం ఆపాలనడం న్యాయం కాదు. కావాల్సింది వేళల మార్పు: పొద్దున వెళ్లి, సచివాలయంలో పని చూసుకుని, రాత్రికి ఇల్లు చేరేలా రోజూ రెండు సర్వీసులు నడవాలి.