గాలిని తిని పెరిగే లోహం

పాలు కాచి దించితే మీగడ కడుతుంది. కరిగిన అల్యూమినియం సంగతీ అంతే. గాలి తగిలిన మరుక్షణం దాని మీద ఆక్సైడ్ పొర కడుతుంది. కంటికి ఆననంత పల్చని పొరే గాని, దాన్ని దాటి గాలి లోపలికి పోలేదు, లోహం బయటికి రాలేదు. మన వంటింటి అల్యూమినియం గిన్నె తుప్పుపట్టి రాలిపోకుండా ఏళ్లకేళ్లు నిలిచేది ఆ పొర చలవే.

అదే లోహంలో కాస్త మెగ్నీషియం, కాస్త సిలికాన్ కలిపి మూసలో పోసి, గాలి ఆడేలా 1,000 డిగ్రీల పైన ఉంచితే, అది చెదపుట్టలా పైకి పెరుగుతుందట! ఈ మాట చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మెగ్నీషియం ఆ మీగడను పూర్తిగా మూసుకోనివ్వదు. సన్నని దారులు మిగులుతాయి. దీపం వత్తిలో నూనె ఎక్కినట్టు కరిగిన లోహం ఆ దారుల్లోంచి పైకి ఎక్కుతుంది, గాలి తగిలి రాయవుతుంది, వెనకాలే మరికొంత లోహం వస్తుంది. రోజుకు రెండు మూడు సెంటీమీటర్ల చొప్పున మూస మీద బూడిదరంగు దిమ్మె లేస్తుంది. అందులో ఎక్కువ భాగం అల్యూమినా, అంటే కెంపులో, నీలంలో ఉండే పదార్థమే. దాని సందుల్లో లోహపు దారాలు అల్లుకుని ఉంటాయి.

అమెరికాలో డెలవేర్ రాష్ట్రపు నెవార్క్‌లో, లాంక్సైడ్ అనే కంపెనీలో, మార్క్ న్యూకర్క్, ఆయన సహచరులు దీన్ని సాధించి 1986లో ఒక పరిశోధన పత్రికలో ప్రకటించారు. పద్ధతి పేరూ కంపెనీ పేరే అయింది.

లోహాన్ని గాలికి వదిలి మన్నుగా మార్చే పని అప్పుడే మొదలైందా? ఆ ప్రశ్న వెంటపడితే ముందుగా మా వీధిలోనే ఆగాను.

నా చిన్నప్పుడు ఏడాదికోసారి కళాయి వేసే తాత వచ్చేవాడు. వేపచెట్టు కింద గుంట తవ్వి, బొగ్గులు పోసి, తోలు తిత్తి బిగించేవాడు. మా అమ్మ ఇత్తడి గిన్నెను బాగా కాల్చి, చిటికెడు నవాసారం చల్లేవాడు. గుప్పున తెల్లని పొగ. ఆ పొగలోనే తగరం కడ్డీని గిన్నెకు రాసి, దూదితో ఒక్క తిప్పు తిప్పితే లోపలంతా వెండిలా మెరిసేది. ఒక్క క్షణం ఆలస్యమైతే తగరం మీద మసక పొర కట్టేది. తాత నాలుక చప్పరించి ఆ పొరను దూదితో తుడిచి పారేసేవాడు. స్టీలు గిన్నెలు వచ్చాక ఆయన మళ్లీ రాలేదు. సెగ చూసి ‘ఇప్పుడు’ అని పట్టుకునే ఆ చేతి నేర్పు మా వీధిలో మరెవరికీ అబ్బలేదు. ఆ నష్టం నాకు ఇప్పటికీ బాధే.

కళాయి అన్న మాటకు మూలం అరబ్బీలో తగరానికున్న పేరు. మలయా తీరపు కలహ్ రేవు నుంచి తగరం వచ్చేది గనుక ఆ పేరు వచ్చిందంటారు. తాత తుడిచి పారేసిన ఆ పొర కోసమే ఇరాక్‌లోని బస్రా కుమ్మరులు తొమ్మిదో శతాబ్దంలో తగరాన్ని కాల్చారు. చైనా పింగాణీ ఓడల్లో వచ్చి అందరి మనసూ దోచింది. బస్రా వాళ్ల దగ్గర పింగాణీకి కావలసిన తెల్లమట్టి లేదు. పసుపుపచ్చటి మట్టిపాత్ర మీద గాజు పూత పూసి, అందులో తగరపు భస్మం కలిపితే పూత పాలలా తెల్లబడుతుందని పట్టుకున్నారు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కట్టిపడేసింది ఇరాన్‌లోని కాషాన్. అక్కడి కుమ్మరి వంశంలో పుట్టిన అబుల్ కాసిం మంగోల్ రాజుల కొలువులో చరిత్రకారుడు. 1301లో రత్నాల గురించి గ్రంథం రాస్తూ, చివర ఇంటి విద్యను కూడా రాసిపెట్టాడు. సీసం ముందు కరగాలి, దాని మీద తగరం వేయాలి, మంట గట్టిగా పెట్టాలి. కరిగిన లోహం మీద ‘మన్ను’ తేలుతుంది. తేలిన దాన్ని తేలినట్టే ఇనుప పనిముట్టుతో పక్కకు లాగుతూ ఉంటే, సగం రోజులో లోహమంతా మన్నవుతుంది. ఆక్సిజన్ అన్న పేరు పుట్టడానికి నాలుగు వందల డెబ్బై ఏళ్లకు పైగా ముందు ఆయన వాడిన మాట అది, మన్ను! మసీదు గోడల పలకల మీది తెలుపు ఆ మన్నే. రాజుల కథలు రాసే చేయి తాతముత్తాతల ఆవాన్ని మర్చిపోకపోవడం చూస్తే నాకు కళ్లు చెమ్మగిల్లుతాయి. రాసినవాడు ఒక్కడు. రాయకుండానే పోయిన కుమ్మరులు ఎందరో!

మన ఆయుర్వేద వైద్యులదీ ఇదే పని. వంగభస్మానికి, అంటే తగరపు భస్మానికి, తగరం కరిగించి, ఉత్తరేణి పొడి కొద్దికొద్దిగా చల్లుతూ ఇనుప గరిటెతో తిప్పుతారు. కాసేపటికి మూకుట్లో ద్రవం మిగలదు, పొడే మిగులుతుంది. ఆ తర్వాత కలబంద రసంతో నూరి పుటం పెడతారు.

తగరం భస్మమయ్యేటప్పుడు దాని తూకం గుట్టు మాత్రం ఫ్రాన్సులో బయటపడింది. బెర్జెరాక్ ఊళ్లో బ్రున్ అనే మందుల తయారీదారు రెండు పౌండ్ల ఆరు ఔన్సుల తగరాన్ని ఆరు గంటలు కాల్చాడు. చేతికొచ్చిన భస్మం రెండు పౌండ్ల పదమూడు ఔన్సులు. కాలితే తగ్గాలి కదా, ఏడు ఔన్సులు ఎక్కడివి? ఆయన జాన్ రే అనే వైద్యుణ్ణి అడిగాడు. గాలే చిక్కబడి భస్మానికి అంటుకుందని, తడిసిన ఇసుక బరువెక్కినట్టే ఇదీ అని రే 1630లో పుస్తకం రాశాడు. చాలాకాలం దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 1774లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లవాయిజియే తగరాన్ని మూసిన గాజు పాత్రలో కాల్చి తూచాడు. బరువు మారలేదు. మూతి తెరిస్తే బయటి గాలి సర్రున లోపలికి దూరింది. ఆ మేరకు బరువు పెరిగింది.

మళ్లీ నెవార్క్‌కు వస్తే, లాంక్సైడ్ వాళ్లు కాషాన్ పద్ధతికి ఒక మెట్టు చేర్చారు. తేలిన మన్నును లాగేయకుండా ఉన్నచోటే పెరగనిచ్చారు. దాని దారిలో సిలికాన్ కార్బైడ్ రేణువులో, నారలో పేరిస్తే వాటిని కదపకుండా చుట్టేస్తూ పెరుగుతుంది. ఎక్కడ ఆగాలో అక్కడ ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూస్తే ఆగుతుంది. కుమ్మరి కుండ ఆవంలో కుంచించుకుపోతుంది, ఇది పోసిన ఆకారానికే నిండుతుంది. కంపెనీ మాత్రం ఎక్కువ కాలం నిలవలేదు.

మూసలో లోహం అయిపోయాక కూడా ఆ దిమ్మె ఇంకాసేపు పెరుగుతుంది. సందుల్లో మిగిలిన దారాలను పైకి లాగేసుకుంటుంది. అవి ఉన్నచోట సన్నని ఖాళీ గొట్టాలు మిగులుతాయి.