రీఛార్జ్ రేట్లు పెరిగినా టెలికాం పరికరాల కంపెనీలకు నష్టాలెందుకు? ఇన్వెస్టర్లు చూడాల్సినవి ఇవే!

రీఛార్జ్ రేట్లు పెరిగితే టెలికాం షేర్లన్నీ పెరుగుతాయని చాలామంది అనుకుంటారు. కానీ సిమ్ అమ్మే కంపెనీ వేరు, టవర్‌కు పరికరాలు, ఫైబర్ అమ్మే కంపెనీ వేరు. మొదటిది ఖర్చు తగ్గించుకుంటే దాని లాభం పెరుగుతుంది, రెండోదానికి ఆర్డర్లు పడిపోతాయి.

హైదరాబాద్‌కు సంబంధమేంటి?

పాతబస్తీ నుంచి చాంద్రాయణగుట్ట, పహాడీ షరీఫ్ దాటి శ్రీశైలం హైవే మీద వెళ్తే మహేశ్వరం మండలం వస్తుంది. హెచ్‌ఎఫ్‌సీఎల్ ఆప్టికల్ ఫైబర్ ప్లాంట్ అక్కడే ఉంది. ఈ కంపెనీకి 2025 జనవరి-మార్చిలో సుమారు రూ.83 కోట్ల నష్టం వచ్చింది. అంతకుముందు ఏడాది ఇదే మూడు నెలల్లో లాభాల్లో ఉంది.

డిమాండ్ ఎందుకు తగ్గింది?

దేశంలో 5జీ 2022 అక్టోబర్ 1న మొదలైంది. జియో, ఎయిర్‌టెల్ పోటీపడి నెట్‌వర్క్ వేసేశాయి. ఒకసారి బిగించిన రేడియోలు, యాంటెన్నాలు ఏళ్ల తరబడి పనిచేస్తాయి. అందుకే 2024 జూలైలో రీఛార్జ్ రేట్లు పెంచినా, పరికరాల కొనుగోళ్లు మళ్లీ ఆ స్థాయికి రాలేదు.

2024లో ప్రపంచమంతా ఇదే పరిస్థితి ఉండేది. డెల్ ఓరో సంస్థ లెక్కల ప్రకారం టెలికాం పరికరాల మార్కెట్ 2024లో 11 శాతం పడిపోయింది. నోకియా 2023 అక్టోబర్‌లోనే 14,000 వరకు ఉద్యోగాల కోత ప్రకటించింది.

తేజస్ నెట్‌వర్క్స్ నేర్పిన పాఠం

బీఎస్ఎన్ఎల్ 4జీ కోసం టీసీఎస్ నుంచి ఈ కంపెనీకి రూ.7,492 కోట్ల ఆర్డర్ దక్కింది. 2024-25లో ఆదాయం రూ.8,900 కోట్లు దాటింది. సరఫరా దాదాపు పూర్తయ్యాక 2025 ఏప్రిల్-జూన్‌లో ఆదాయం రూ.202 కోట్లకు జారిపోయింది. రూ.194 కోట్ల నష్టం కూడా వచ్చింది. అంటే ఒక్క పెద్ద కస్టమర్ కొనడం ఆపితే లెక్క మొత్తం మారిపోతుంది.

ఇన్వెస్టర్లు ఏం చూడాలి?

* ఆర్డర్ బుక్: చేతిలో ఉన్న ఆర్డర్లు ఎన్ని నెలలకు సరిపోతాయి?
* కస్టమర్లు: ఆదాయంలో ఎక్కువ భాగం ఒక్కరి నుంచే వస్తోందా?
* బకాయిలు: సరుకు ఇచ్చాక డబ్బు ఎప్పుడొస్తోంది? కాగితం మీద లాభమున్నా, క్యాష్ రాకపోతే అప్పు పెరుగుతుంది.
* నిల్వలు: అమ్ముడుపోని సరుకు గోడౌన్లలో పేరుకుపోతోందా?
* కొత్త దారులు: ఎగుమతులు, డేటా సెంటర్ల నుంచి ఆర్డర్లు వస్తున్నాయా?

మళ్లీ పుంజుకుంటాయా?

భారత్‌నెట్ విస్తరణకు కేంద్రం 2023లో రూ.1.39 లక్షల కోట్లు ఆమోదించింది. డేటా సెంటర్లకూ ఫైబర్ కావాలి. అయితే ప్రభుత్వ ఆర్డర్లు విడతలవారీగా వస్తాయి, బిల్లులు ఆలస్యమవుతాయి. కాబట్టి ఆర్డర్ వచ్చిందన్న వార్త చూడగానే షేర్ కొనేయకండి. ఆ డబ్బు కంపెనీ ఖాతాలో ఎప్పుడు పడుతుందో చూడండి.

(గమనిక: ఇది అవగాహన కోసమే. పెట్టుబడి పెట్టేముందు సెబీ గుర్తింపు ఉన్న సలహాదారును సంప్రదించండి.)