నెల్లూరు తీరపు పాత రేవులు



నెల్లూరుసీమలో నాగలి పట్టిన ఒక కాపు సంగతితో నా ప్రసంగమును మొదలుపెట్టెదను. ఆయన పేరును ఎవరును వ్రాసి యుంచలేదు. క్రీ. శ. 1786 ప్రాంతమున నెల్లూరు దాపున ఆయన పొలము దున్నుచుండగా నాగలికి ఇటుకల కట్టడము తగిలెను. త్రవ్వి చూడగా ఒక చిన్న దేవాలయపు శిథిలములును, వాని క్రింద ఒక చిన్న కుండయు బయలుపడినవి. కుండలో బంగారు నాణెము లుండెను. కాపు వానిని పాతబంగారము క్రింద అమ్మివేసెను. కొన్నవారు పెక్కింటిని కరగించిరి. ఆర్కాటు నవాబు కుమారుడగు అమీర్-ఉల్-ఉమరా ముప్పదికి పైగా నాణెములను మరల సంపాదించెను. ఆ దినములలో చెన్నపట్టణపు గవర్నరుగా నుండిన అలెగ్జాండరు డేవిడ్సను వానిలో రెండింటిని ఏరుకొని, 1787లో ఒక జాబు వ్రాసెను. కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీవారు దానిని అచ్చువేసిరి. ఆ జాబే లేకున్న ఈ సంగతి మనకు తెలియకయే పోయెడిది.

అవి రోము చక్రవర్తుల నాణెములు. ట్రాజను, హేడ్రియను అను ప్రభువులవియు, ఫాస్టీనా రాణి బొమ్మ గలవియు అందుండెను. అనగా క్రీస్తు తరువాత రెండవ శతాబ్దివి. కొన్ని టంకసాలనుండి నిన్న వచ్చినట్లు నిగనిగలాడుచుండెనట. కొన్ని అరిగి, చిల్లులు పొడిచి యుండెనట. ఆ చిల్లు లెందుకో మన యిండ్లలో ఆడువారి నడిగిన చెప్పగలరు. కాసులపేరునకు! రోము చక్రవర్తి ముఖము నెల్లూరు ఇల్లాలి మెడలో వ్రేలాడి యుండును.

ఇంత దూరమునకు ఆ బంగార మెట్లు వచ్చినది? నైరృతి గాలి నానుకొని ఎఱ్ఱసముద్రపు రేవులనుండి ఓడలు మన దేశమునకు వచ్చి, ఈశాన్యపు గాలితో మరలి పోవుచుండెను. మిరియములు, ముత్యములు, సన్నని నూలుబట్టలు కొనిపోయి, బంగారు వెండి నాణెములు ఇచ్చుచుండిరి. ఏటేట 5 కోట్ల సెస్టర్సు నాణెములు హిందూదేశమునకు పోవుచున్నవని ప్లీనీ యను రోమను పండితుడు వాపోయినాడు.

బంగారము పోయిన పోనిండు. ఆ యిటుకల కొలత పోయినది! అమరావతి, నాగార్జునకొండ స్తూపములు కట్టిన నాటి యిటుకలు నేటి వానికంటె ఎంతయో పెద్దవి. ఒక్క యిటుకను మూరతో కొలిచి యుంచినను ఆ గుడి కాలమును ఊహించుట కొంత సులభమై యుండెడిది. డేవిడ్సను ఊరిపేరైనను చెప్పక, నెల్లూరు దగ్గర అని మాత్రము వ్రాసెను. నాటి కాపును నిందింపరాదు. అప్పటికి నిక్షేపముల చట్టము లేదు. 1878 నాటి చట్టము ప్రకారము భూమిలో దొరికిన నిక్షేపము పది రూపాయలకు మించినచో కలెక్టరునకు తెలుపవలెను. హక్కుదారుడు తేలనిచో, వేరే ఒడంబడిక లేనప్పుడు, కనుగొన్నవానికి ముప్పాతికయు, భూమి యజమానికి పాతికయు చెందును. సర్కారువారు తీసికొన్నచో లోహపు విలువపై ఐదవవంతు అధికముగా ఇయ్యవలెను. దాచినవానికి మాత్రము శిక్ష కలదు.

ఇక ఓడలు దిగిన రేవుల మాట. నేడు గొప్ప ఓడలు వచ్చు కృష్ణపట్టణమునకు పాత శాసనములలో కొల్లితురై యనియు, గండగోపాలపట్టణ మనియు పేళ్లు. గండగోపాల బిరుదము నెల్లూరేలిన తెలుగుచోడులది. దానికి దక్షిణముగా నున్న కొత్తపట్నమున పురాతత్త్వశాఖవారు త్రవ్వగా, 13, 14 శతాబ్దుల నాటి చీనా పింగాణి పెంకులు దొరకినవి. ఆకుపచ్చని మెరుగు గల ఆ గిన్నెలు తూర్పు సముద్రము దాటి వచ్చినవి. పడమటినుండి బంగారము, తూర్పునుండి పింగాణి. నడుమ మన యిసుక తీరము.

ఆ పదమూడవ శతాబ్దిలోనే పాలస్తీనా తీరమున అష్కెలోను అను రేవు నశించెను. బైబిలు చదివినవా రెఱుగుదురు, అది ఫిలిష్తీయుల పట్టణము. క్రీ. పూ. 604లో నెబుకద్నెజరు దానిని కాల్చెను. అయినను మరల లేచెను. తుదకు క్రీ. శ. 1270లో సుల్తాను బైబర్సు కోటను పడగొట్టించి, శత్రువుల ఓడలు రాకుండ రేవును రాళ్లతో పూడ్పించెను. 1985 మొదలు పండితులు అక్కడ ముప్పదియేండ్లు త్రవ్వి, ఫిలిష్తీయుల శ్మశానమును సైతము కనుగొనిరి.

అందులకు ఇరువదియాఱేండ్ల ముందు, 1244లో, మన తీరమునకు ఉత్తరమున, నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు అభయశాసనము వేయించెను. తుపానున ఓడ పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను పూర్వపు రాజులు బలిమిని లాగికొనుచుండిరనియు, ప్రాణమునకంటె ధనము ప్రియమైన దగుటచే తాము సుంకము తప్ప తక్కిన దంతయు వర్తకులకే విడిచితిమనియు అందున్నది. సుంకము ముప్పదింట ఒక వంతు. ఆ శతాబ్ది చివర మార్కోపోలో ఆ రేవును వర్ణించినాడు. ఇప్పుడది చిన్న పల్లె. శాసనము చెక్కిన స్తంభము వీరభద్రాలయము ఎదుటి మంటపముది.