ఆకు నుండి ఔషధమునకు

ఒకప్పుడు నెల్లూరు తీరము వెంట బకింగ్‌హాం కాలువ మీద పడవలు చెన్నపట్టణమునకు సరకులు చేరవేయుచుండెడివి. అటువంటి రవాణా యొకటి మన శరీరమందలి ప్రతి కణములోను నిత్యము సాగుచున్నది. దాని చరిత్రతో ఒక తెలుగు శాస్త్రజ్ఞుని పేరు ముడివడి యున్నది.

మాంసకృత్తులలోని ఆమినో ఆమ్లములలో సెరిన్ ఒకటి. అందు మూడు కర్బన పరమాణువులు గలవు. సెరిన్ హైడ్రాక్సీమిథైల్ ట్రాన్స్‌ఫరేజు అను ఎంజైము, బి6 విటమిను సాయమున, వానిలో నొకదానిని తీసి పడవ కెక్కించును. ఆ పడవయే ఫోలిక్ ఆమ్లపు క్రియాశీల రూపము. మిగిలినది గ్లైసిన్ అను మరియొక ఆమినో ఆమ్లము. పడవ మోసిన కర్బనము డి.ఎన్.ఏ. నిర్మాణమునకు ముడిసరకగును. పడవలు కొరవడినచో క్రొత్త కణములు సరిగా పుట్టవు. అహర్నిశలు రక్తకణములను పుట్టించు ఎముకల మజ్జ ముందుగా దెబ్బతినును, రక్తహీనత కలుగును.

1928లో ఆంగ్ల వైద్యురాలు లూసీ విల్స్ బొంబాయికి వచ్చి, గర్భిణుల తీవ్ర రక్తహీనతను పరిశోధించిరి. ఈస్టు సారముతో వారు కోలుకొనుచున్నారని 1931లో ప్రకటించిరి. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూర నుండి ఒక పదార్థమును రాబట్టి, లాటినులో ఆకునకు గల పేరునుబట్టి దానికి ఫోలిక్ ఆమ్లమని నామకరణము చేసిరి.

1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, గ్రహణిని బోలిన స్ప్రూ వ్యాధికి సోదరులను కోల్పోయిరి. 1923లో అమెరికా చేరి హార్వర్డులో పనిచేసి, 1940లో లెడర్లీ పరిశోధనాలయమున ప్రవేశించిరి. 1945లో ఆయన నాయకత్వమున అచ్చట ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను. తోబుట్టువులను హరించిన వ్యాధికే అది మందయ్యెను.

కథ అంతటితో ముగియలేదు. ల్యుకీమియా పీడిత బాలురకు ఫోలిక్ ఆమ్లజాతి పదార్థము లిచ్చినచో వ్యాధి ప్రకోపించుచున్నదని బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ తలచెను. అట్లయిన పడవలనే నిలిపివేసిన నేమి? సుబ్బారావుగారి బృందము అమినోప్టెరిన్ అను విరోధిని తయారుచేసి యిచ్చెను. అది మన ఎంజైమును నేరుగా తాకదు. సరకు దింపి వచ్చిన పడవను మరల ప్రయాణమునకు సిద్ధము చేయు వేరొక ఎంజైమును బంధించును. 1948లో ఫార్బర్ 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలికముగా మేలు కలిగినదని వెల్లడించెను. అది కొద్ది కాలపు ఊరటయే గాని, మందుతో ఆ వ్యాధిని అదుపు చేయవచ్చునని అప్పుడే తేలెను. ఆ యేటి ఆగస్టులోనే సుబ్బారావుగారు 53వ యేట కీర్తిశేషులైరి. అదే జాతికి చెందిన మెథోట్రెక్సేటు నేటికిని కాన్సరుకు, కీళ్ళవాతమునకు వాడబడుచున్నది.

సెరిన్ ఎంజైమునే నేరుగా అరికట్టిన కాన్సరు లొంగునా యను ప్రశ్న మిగిలియున్నది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో అప్పాజీరావు, సావిత్రిగార్లు ఈ ఎంజైముపై చిరకాలము కృషి చేసిరి.

గర్భస్థ శిశువు వెన్నుపాము లోపములను ఫోలిక్ ఆమ్లము చాలవరకు నివారించునని 1991లో రుజువైనది. గర్భము నిలుచుటకు ముందునుండియే అది అవసరము. మాత్రలను వైద్యుల సలహాపై వాడవలెను. ఆకుకూరలలోను, పప్పుధాన్యములలోను ఈ విటమిను గలదు. అది నీట కరగును. అధిక వేడికి నశించును. కనుక కూరను మితముగా నుడికించి, ఆ నీటిని పారబోయకుండుట గృహిణులకు శ్రేయస్కరము.