ధ్వనికొక తూము
పాత లౌడుస్పీకరులలోని క్రాసోవరు చరిత్ర

గోదావరి ధవళేశ్వరమునకు దిగువన గౌతమి, వసిష్ఠ అను రెండు పాయలుగా చీలుచున్నది. వసిష్ఠనుండి మరల వైనతేయము విడివడుచున్నది. ఈ పాయల నడుమ నివసించు కోనసీమ వాసులకు నీటిని పంచుటలోని చిక్కు క్రొత్తగా చెప్పనక్కరలేదు. 1852లో ఆనకట్ట పూర్తియైన నాటినుండి ఏ కాలువకు ఎంత నీరన్న ప్రశ్న తూముల వద్దనే తేలుచున్నది. అమలాపురములోనో, రాజోలులోనో ఒక పాత పెంకుటింట మూలబడియున్న స్టీరియో పెట్టె వెనుక పలక విప్పి చూచినచో, అందులోను ఒక తూము కనిపించును. ఒక తీగచుట్ట, ఒకటి రెండు కండెన్సరులు: ఇంతే. ఇది నీటికి మారుగా విద్యుత్ప్రవాహమును పంచును. దీనికే క్రాసోవరు అని పేరు.

అసలు పంచవలసిన అగత్యమెందుకు కలిగినది? అయస్కాంతము నడుమ కదలు తీగచుట్టకు 1874లో ఎర్నెస్టు సీమెన్సు, 1898లో ఆలివరు లాడ్జి పేటెంటులు పొందిరి. కాని నేటి రూపముగల కాగితపు శంకువు స్పీకరును 1925లో అమెరికాలో రైసు, కెల్లాగు అను ఇంజనీర్లు సిద్ధపరచిరి. మన చెవి సెకనుకు 20 మొదలు 20,000 వరకు కంపనములను గ్రహింపగలదు. గాలిలో మొదటిదాని తరంగదైర్ఘ్యము 17 మీటర్లు, రెండవదానిది 1.7 సెంటీమీటర్లు. మంద్రస్వరములకు విస్తారమైన గాలిని కదపవలెను, కనుక శంకువు పెద్దది కావలెను. తారస్వరములకు అది తేలికగా, చిన్నదిగా ఉండవలెను. పెద్ద శంకువు తారస్వరములను తిన్నగా ముందుకే విసరును. ప్రక్కన కూర్చున్నవారికి అవి చేరవు. ఒకే మనిషి మృదంగము, పిల్లనగ్రోవి రెండును వాయించవలెనన్నట్లు ఈ పని ఒక్క శంకువుకు మించినది. అందుచేత మంద్రమునకు వూఫరు, తారమునకు ట్వీటరు అని స్పీకరులు రెండైనవి.

పంచు ఉపాయము మాత్రము సంగీతమునకై పుట్టినది కాదు. ఒకే టెలిఫోను తీగపై పెక్కు సంభాషణలను పంపదలచిన అమెరికాలోని కాంబెలు, జర్మనీలోని వాగ్నరు 1915 ప్రాంతములో వేరువేరుగా తరంగశోధకములను కల్పించిరి. కంపనములు హెచ్చినకొలది తీగచుట్ట ప్రవాహమును అడ్డగించును. కండెన్సరు దానికి విరుద్ధముగా దారి ఇచ్చును. కనుక వూఫరుకు వరుసలో తీగచుట్టను, ట్వీటరుకు వరుసలో కండెన్సరును తగిలించిన చాలును. స్పీకరు నిరోధము 8 ఓములు, సరిహద్దు 3,000 కంపనములు అనుకొందము. కండెన్సరు విలువ 1/(2π × 3000 × 8), అనగా సుమారు 6.6 మైక్రోఫారడులు. తీగచుట్ట 0.42 మిల్లీహెన్రీలు. పదవ తరగతి విద్యార్థి వేయగల లెక్కయే ఇది. అయితే స్పీకరు నిజమునకు 8 ఓముల నిరోధము వంటిది కాదనియు, కంపనములతోపాటు దాని అవరోధము మారుచుండుననియు ఉపాధ్యాయులు జ్ఞాపకముంచుకొనవలెను. లెక్క ఆరంభమే గాని తీర్పు కాదు.

ఈ సంగతి సినిమావారు బాగుగా నేర్చుకొనిరి. 1933లో బెల్ ప్రయోగశాలవారు ఫిలడెల్ఫియాలో వాయించిన సంగీతమును తీగలపై వాషింగ్టనుకు పంపి, రెండు తెగల స్పీకరులతో వినిపించిరి. ఆ పద్ధతిని సినిమా హాళ్లకు తేబోగా ఒక వింత జరిగినది. ఎలినారు పవెలు అను నర్తకి పాదము నేలను ఒకసారి తట్టినచో రెండుసార్లు వినవచ్చెనట! మంద్రపు బూర పొడవైనది. అందులోనుండి వచ్చు ధ్వని తారపు బూర ధ్వనికన్న వెనుకబడినది. ధ్వనికి అడుగు దూరము నడచుటకు సెకనులో వేయవవంతుకన్న కొంచెము తక్కువ పట్టును. కొన్ని అడుగుల తేడాను చెవి పసిగట్టగలదు. బూర పొడవు తగ్గించి షియరరు, హిలియార్డు ప్రభృతులు ఎం.జి.ఎం. స్టూడియోలో నిర్మించిన స్పీకరు 1936లో ప్రసిద్ధికెక్కినది. స్వరములను విభజించుట సగము పని. అవి మరల చెవివద్ద ఒకేమారు కలియవలెను.

మన ఇళ్లకు ఈ బెడద ఆలస్యముగా వచ్చినది. 1948 డిసెంబరు 1న ఆకాశవాణి విజయవాడ కేంద్రము ప్రారంభమైనది. మధ్యతరంగ ప్రసారములో సుమారు 5,000 కంపనములకు పైబడిన స్వరములు మిగులవు. ఒక్క శంకువుగల వాల్వు రేడియో దానికి చాలును. జగ్గన్నతోట ప్రభల తీర్థములో మ్రోగు గొట్టపు మైకులకు కూడ క్రాసోవరుతో పని లేదు. వాటికి మాట దూరము పోవుటే ముఖ్యము. 1948లో లాంగ్ ప్లే రికార్డు, 1958 ప్రాంతమున స్టీరియో రికార్డు, మన దేశమున 1977లో మద్రాసులో ఎఫ్.ఎం. ప్రసారము వచ్చిన తరువాతనే పైస్వరములకు విలువ కలిగినది. గల్ఫు దేశములకు వెళ్లిన వారు తెచ్చిన సెట్లతో రెండు మూడు శంకువుల పెట్టెలు మన పల్లెలకును చేరినవి.

ఆ పెట్టెలు నేడు ముసలివైనవి. వాటిలో పెక్కింట ఉన్నవి ధ్రువరహిత ఎలక్ట్రోలిటిక్ కండెన్సరులు: అల్యూమినియము రేకుపై పలుచని ఆక్సైడు పొర, నడుమ తడి ద్రావణము. ఏండ్లు గడచినకొలది ద్రావణము ఆరిపోవును; కండెన్సరు విలువ మారును, దాని అంతర్నిరోధము పెరుగును. 6.6 మైక్రోఫారడులు 3.3కు దిగినచో ట్వీటరు సరిహద్దు 3,000 నుండి 6,000కు జరుగును. వూఫరు సరిహద్దు మాత్రము ఉన్నచోటనే నిలచును. నడుమనున్న స్వరములు క్షీణించును. స, శ, షల పదును తగ్గి పాట మూసిన తలుపు వెనుక పాడినట్లుండును. అప్పుడు ఇంటివారు స్పీకరు పోయినదని పాతసామానుల వానికి వేయుదురు. పోయినది స్వల్పమైన వస్తువే!

దీనిని బడిలోనే పరీక్షింపవచ్చును. కండెన్సరు ఒక కాలును విడదీసి, 6 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు నుండి 50 కంపనముల ఏ.సి.ని మిల్లీ అమ్మీటరు ద్వారా పంపవలెను. 6.6 మైక్రోఫారడులకు సుమారు 12.5 మిల్లీ ఆంపియరులు రావలెను. 6 మాత్రమే వచ్చినచో విలువ సగమైనది. కండెన్సరు కొనలవద్ద వోల్టేజిని కూడ కొలుచుట మంచిది. ఒకటి రెండు ఓముల అంతర్నిరోధము ఈ పరీక్షలో బయటపడదు. దానికి వేరు మీటరు కావలెను.

మార్చుటలో రెండు మార్గములు కలవు. ఒకటి పూర్వస్థితికి తెచ్చుట, రెండవది మెరుగుపరచుట. రెండవదానిపై మోజు హెచ్చు. ఎలక్ట్రోలిటిక్‌కు బదులు పాలీప్రొపిలీన్ కండెన్సరు వేసినచో అది ఎండిపోదు, దీర్ఘకాలము మన్నును. కాని దానికి అంతర్నిరోధము లేనట్లే. పాతదాని కొద్దిపాటి నిరోధమును కూడ లెక్కలో చేర్చుకొని నిర్మాత ట్వీటరు బిగ్గరతనమును కుదిర్చియుండవచ్చును. అప్పుడు క్రొత్తదానితో ట్వీటరు గీపెట్టును. వరుసలో చిన్న నిరోధము చేర్చినచో సరిపోవును. ఇనుపగుండె చుట్టను తీసి ఉత్త తీగచుట్టను వేసినచో పెద్ద ధ్వనిలో వికృతి తగ్గును గాని, తీగ పొడవెక్కి నిరోధము పెరుగును. లావు తీగ వాడవలెను. 1976లో లింక్‌విట్జు ప్రకటించిన పద్ధతిలో సరిహద్దు దాటిన స్వరము అష్టకమునకు 24 డెసిబెళ్లు పడిపోవును. సామాన్యపు పద్ధతిలో 6 మాత్రమే. ఈ గొప్పను విని పాత పెట్టెకు అది తగిలించువారున్నారు. స్పీకరులను కొలువకుండ చేసిన ఈ పనిని మెరుగు అనుటకు నాకు మనసొప్పదు.

మొదట ఒక పెట్టెను మాత్రమే సరిచేసి, రెండవదానిని ముట్టక, రెండింటికి ఒకే పాటను మార్చి మార్చి పంపి వినవలెను. విప్పిన కండెన్సరుపై దాని విలువ, విప్పిన తేదీ వ్రాసి, కవరులో పెట్టి పెట్టెలోపల అంటించి ఉంచవలెను.