సౌండ్ పెరిగితే స్పీడ్ పెరిగినట్టేనా? స్పోర్ట్ క్వాడ్ సైలెన్సర్ వెనక ఉన్న కథ

ఇవాళ్టి ఎపిసోడ్ మొత్తం ఒక పైపు గురించి. నవ్వకండి, నిజంగా పైపే. ఇంజన్ నుంచి పొగ బయటికి వెళ్లే పైపు. దీని కథలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఉంది, దేశం విడిచి పారిపోయిన రేసర్ ఉన్నాడు, కోర్టుకెళ్లిన అమెరికా ప్రభుత్వం ఉంది. చివర్లో మన బైక్ కూడా వస్తుంది.

ప్రశ్న సింపుల్. స్పోర్ట్ క్వాడ్ బైక్‌కి కంపెనీ ఇచ్చిన స్టాక్ ఎగ్జాస్ట్ బెటరా, బయట కొనే ఆఫ్టర్‌మార్కెట్ ఎగ్జాస్ట్ బెటరా? "బయటిది పెడితే పవర్ పెరుగుద్ది భయ్యా" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు చాలామంది. ఆ మాటలో నిజం ఎంతో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ముందు క్వాడ్ అంటే ఏంటో చూద్దాం. మన దగ్గర రిసార్టుల్లో టికెట్ కొని రెండు రౌండ్లు కొట్టే నాలుగు చక్రాల బండి చూసే ఉంటారు, అది ఈ కుటుంబంలో చిన్న తమ్ముడు. స్పోర్ట్ క్వాడ్ అంటే కాలిఫోర్నియాలో గ్లామిస్ లాంటి చోట ఇసుక కొండల మీదకి ఎగబాకడానికి, మట్టి ట్రాక్ మీద రేసులు కొట్టడానికి పుట్టిన బండి.

ఇది మూడు చక్రాలతో మొదలైంది. 1970లో హోండా అమెరికాలో లావుపాటి బెలూన్ టైర్లతో మూడు చక్రాల బండి తెచ్చింది. 1980ల మొదట్లో సుజుకీ నాలుగో చక్రం చేర్చి క్వాడ్‌రన్నర్ ఎల్‌టీ125 తీసుకొచ్చింది. అసలు ఊపు 1985లో వచ్చింది. సుజుకీ ఎల్‌టీ250ఆర్ క్వాడ్‌రేసర్ దిగింది. 1986లో హోండా టీఆర్‌ఎక్స్250ఆర్, 1987లో యమహా బాన్షీ. ఈ బాన్షీలో 347 సీసీ, రెండు సిలిండర్ల ఇంజన్. మూడూ టూ స్ట్రోక్ బళ్లే. మన ఆర్‌ఎక్స్100 అన్నయ్యలు అనుకోండి.

టూ స్ట్రోక్ అనగానే పైపు ఎందుకంత ముఖ్యమైపోతుంది? ఒకే డోర్ ఉన్న సిటీ బస్సు ఊహించుకోండి. దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ ఒకేసారి తోసుకుంటున్నారు. ఎక్కిన వాళ్లలో కొంతమంది దిగేవాళ్లతో పాటే కిందికి కొట్టుకుపోతారు. టూ స్ట్రోక్ ఇంజన్‌లో జరిగేదీ ఇంచుమించు ఇదే. కాలిన పొగ బయటికి పోతున్న టైంలోనే కొత్త పెట్రోల్, గాలి మిశ్రమం లోపలికి వస్తుంది. అందులో కొంత కాలకుండానే పొగతో పాటు బయటికి జారిపోతుంది. పెట్రోలూ వేస్టే, పవరూ వేస్టే.

దీనికి మందు పైపు ఆకారంలో ఉంది. మధ్యలో ఉబ్బి, చివర సన్నగా అయిపోయే ఆ పైపుని ఎక్స్‌పాన్షన్ ఛాంబర్ అంటారు. పొగతో పాటు ఒక ప్రెషర్ అల కూడా పైపులో పరుగెత్తుతుంది. పైపు వెడల్పు అయ్యే చోట ఆ అల తిరగబడి, సిలిండర్‌లో మిగిలిన పొగని బయటికి లాగుతుంది. పైపు మళ్లీ సన్నబడే చోట ఇంకో అల వెనక్కి వచ్చి, జారిపోయిన కొత్త మిశ్రమాన్ని మళ్లీ సిలిండర్‌లోకి నెడుతుంది. అంటే కిందికి కొట్టుకుపోయిన ప్యాసింజర్లని కండక్టర్ మళ్లీ బస్సులోకి తోసినట్టు. కదిలే భాగం ఒక్కటీ లేదు, పని మొత్తం అలలే చేస్తాయి.

ఈ సైన్స్‌ని రేసుల్లో పదును పెట్టింది తూర్పు జర్మనీ ఇంజనీర్ వాల్టర్ కాడెన్. ఎంజెడ్ అనే కంపెనీ రేసింగ్ విభాగం ఆయన చేతిలో ఉండేది. డబ్బు తక్కువ, సామాను తక్కువ. అయినా 1961 నాటికి 125 సీసీ ఇంజన్ నుంచి 25 హార్స్‌పవర్ రాబట్టాడు. లీటరుకి లెక్కేస్తే 200. ఆ రోజుల్లో అది మామూలు విషయం కాదు.

ఆ బండి నడిపింది ఎర్న్స్ట్ డెగ్నర్. 1961 ఆగస్టులో బెర్లిన్ గోడ లేచింది. సెప్టెంబర్‌లో స్వీడన్ గ్రాండ్ ప్రి. ప్రపంచ టైటిల్ చేతికందే దూరంలో ఉండగా డెగ్నర్ ఇంజన్ మధ్యలో ఆగిపోయింది. ఆ రేసు తర్వాత అతను తూర్పు జర్మనీకి తిరిగి వెళ్లలేదు. అతని భార్యాపిల్లల్ని రహస్యంగా కారులో దాచి సరిహద్దు దాటించారు. ఎంజెడ్ టెక్నాలజీ అతనితో పాటే సుజుకీకి చేరింది. 1962లో డెగ్నర్ సుజుకీ మీద 50 సీసీ ప్రపంచ టైటిల్ కొట్టాడు. సుజుకీకి అదే మొదటి ప్రపంచ టైటిల్. జపాన్‌లోని సుజుకా ట్రాక్‌లో ఒక మలుపుకి ఇప్పటికీ అతని పేరే. కాడెన్ మాత్రం తూర్పు జర్మనీలోనే ఉండిపోయాడు. 1980ల క్వాడ్‌ల కింద వంకర్లు తిరిగిన ఆ లావు పైపుల్లో ఆయన చేసిన పని ఉంది. వాటి మీద ఆయన పేరు మాత్రం ఎక్కడా ఉండదు.

ఇప్పుడు మన పోలికకి వద్దాం. ఈ అలల మ్యాజిక్‌కి ఒక షరతు ఉంది. అల కరెక్ట్ టైంకి వెనక్కి రావాలి. పైపు పొడవూ ఆకారమూ ఫిక్స్ అయితే, ఆ టైమింగ్ కొన్ని ఆర్‌పీఎంల దగ్గరే కుదురుతుంది. దాన్నే పవర్ బ్యాండ్ అంటారు. కాబట్టి ప్రతి పైపూ ఒక రాజీ. బాన్షీకి కంపెనీ ఇచ్చినవీ ఎక్స్‌పాన్షన్ ఛాంబర్లే. కానీ కొత్తగా నేర్చుకునేవాడూ నడపాలి, అడవిలో నిప్పురవ్వ పడకూడదు, చప్పుడు హద్దులో ఉండాలి, ధర పెరగకూడదు. ఇన్ని చూసి చేసిన పైపు అది. ఆఫ్టర్‌మార్కెట్ వాళ్లకి ఆ బాధలన్నీ లేవు. 1973లో కాలిఫోర్నియాలో డాన్ ఎమ్లర్ మొదలుపెట్టిన ఎఫ్‌ఎంఎఫ్ లాంటి కంపెనీలు ఒక్కో అవసరానికి ఒక్కో పైపు చేశాయి. ఇరుకు దారుల్లో తిరిగేవాడికి కింది ఆర్‌పీఎంలో లాగే పైపు, ఇసుక మీద డ్రాగ్ రేస్ కొట్టేవాడికి పైన పేలిపోయే పైపు. రెండోది తెచ్చి ఇరుకు దారిలో నడిపితే కింద బండి లాగదు, పైన చెయ్యి దాటి పోతుంది. పవర్ పెరిగిన మాట నిజమే. మనకి కావాల్సిన చోట పెరిగిందా అన్నదే పాయింట్.

ఈలోగా కథలో పెద్ద కుదుపు వచ్చింది. ఈ బళ్ల మీద ప్రమాదాలు ఎక్కువయ్యాయి, పిల్లలు కూడా చనిపోయారు. అమెరికా ప్రభుత్వం కోర్టుకెళ్లింది. 1988లో కంపెనీలు పదేళ్ల ఒప్పందానికి దిగొచ్చాయి. మూడు చక్రాల బళ్ల అమ్మకం ఆగిపోయింది. హోండా 250ఆర్ 1989తో, సుజుకీ 250ఆర్ 1992తో అయిపోయాయి. బాన్షీ ఒక్కటే అమెరికా మార్కెట్‌లో 2006 దాకా లాక్కొచ్చింది.

తర్వాత ఫోర్ స్ట్రోక్ కాలం. 1999 మోడల్‌గా హోండా టీఆర్‌ఎక్స్400ఈఎక్స్, 2001లో యమహా రాప్టర్ 660, 2004లో యమహా వైఎఫ్‌జడ్450. వీటికి వాల్వులుంటాయి కాబట్టి ఆ ఉబ్బు పైపు అక్కర్లేదు. ఇక్కడ తేడా అంతా సైలెన్సర్ లోపల. స్టాక్‌లో పొగ గదుల్లోంచి మలుపులు తిరుగుతూ పోతుంది, స్టీల్‌తో చేస్తారు కాబట్టి బరువు. ఆఫ్టర్‌మార్కెట్‌లో ఎక్కువగా చిల్లులున్న గొట్టం నేరుగా వెళ్తుంది, చుట్టూ చప్పుడు పీల్చే గ్లాస్ ఊల్ కూరుతారు, పైన అల్యూమినియం లేదా టైటానియం. బరువు తగ్గుతుంది, గాలి ఫ్రీగా పోతుంది. కానీ ఆ ఊల్ కాలిపోతూ ఉంటుంది. అప్పుడప్పుడూ మార్చకపోతే చప్పుడు పెరుగుతూ పోతుంది.

ఇంకో విషయం. నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు ఒక రూల్ ఉండేది. ఒక లైబ్రరీ మారిస్తే దాని మీద ఆధారపడినవన్నీ చెక్ చెయ్యాలి. ఇంజన్ కూడా అంతే. పొగ ఫ్రీగా పోతే గాలి ఎక్కువ వస్తుంది, దానికి తగ్గ పెట్రోల్ కూడా అందాలి. కార్బ్యురేటర్ అయితే జెట్ మార్చాలి, ఫ్యూయల్ ఇంజెక్షన్ అయితే ట్యూనింగ్ మార్చాలి. మార్చకపోతే మిశ్రమం పల్చబడి ఇంజన్ వేడెక్కుతుంది. టూ స్ట్రోక్ అయితే పిస్టన్ కరిగే దాకా వెళ్లొచ్చు. పైపు ఖర్చు ఒకటి, దాని వెనక వచ్చే ఖర్చు ఇంకొకటి.

ఇక అసలు గొడవ చప్పుడు. కాలిఫోర్నియాలో 2003 జనవరి 1 నుంచి రూల్ వచ్చింది. 1986 నుంచి తయారైన ఆఫ్‌రోడ్ బళ్లకి 96 డెసిబెల్స్ హద్దు, అంతకు ముందు వాటికి 101. పైపు చివర నుంచి 20 అంగుళాల దూరంలో మైక్ పెట్టి కొలుస్తారు. 96కీ 106కీ తేడా పదే కదా అనుకోకండి. డెసిబెల్ లెక్కలో పది పెరిగితే శబ్ద శక్తి పది రెట్లు. ఆ ఇసుక కొండలూ అడవి దారులూ ఎక్కువగా ప్రభుత్వ భూములే. పక్కన ఊళ్లుంటాయి, జంతువులుంటాయి. చప్పుడు మీద కంప్లైంట్లు పెరిగితే దారులు మూసేస్తారు. అప్పుడు పెద్ద పైపు పెట్టినోడికే కాదు, స్టాక్ పైపుతో బుద్ధిగా తిరిగినోడికి కూడా దారి పోతుంది. నాకు ఈ కథలో బాధగా అనిపించేది అదే.

ఇప్పుడు మన వీధికి వద్దాం. ఆర్‌ఎక్స్100 సైలెన్సర్ లోపలి గొట్టం పీకేసినా, బుల్లెట్‌కి ఖాళీ పైపు బిగించినా, మనవాళ్లు కొనేది ఎక్కువగా చప్పుడే, పవర్ కాదు. రోడ్డు మీద తిరిగే బండి శబ్ద ప్రమాణాలు దాటితే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా పడొచ్చు. పోలీసులు అలాంటి సైలెన్సర్లని కుప్పపోసి రోడ్ రోలర్‌తో తొక్కించిన వీడియోలు మీరూ చూసే ఉంటారు.

నా మాట ఇదీ. రేస్ ట్రాక్ మీద, పనికి తగ్గ పైపు, సరైన ట్యూనింగ్, హద్దులో చప్పుడు ఉంటే ఆఫ్టర్‌మార్కెట్ గొప్ప వస్తువే. ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా స్టాక్ పైపే బెటర్. కాడెన్ పొగలో పోతున్న శక్తిని పట్టి వెనక్కి తెచ్చాడు. ఖాళీ పైపు పెట్టినోడు చేస్తున్నది దానికి సరిగ్గా రివర్స్. చేతిలో ఉన్న శక్తిని చప్పుడుగా మార్చి పక్కింటోళ్ల చెవుల్లో పోస్తున్నాడు.

మీ ఫ్రెండ్స్‌లో ఎవరైనా పైపు మార్చే ప్లాన్‌లో ఉంటే, కొనకముందే ఇది చూపించండి. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.