కాపరి

‘కాచు’ నుంచి ‘కాపు’. నేర్పు ఉన్నవాడు నేర్పరి అయినట్టే, కాపు కాసేవాడు కాపరి. కాపలా కూడా ఆ ఇంటి మాటే. మేపడం కన్నా కనిపెట్టి ఉండడమే దీనికి ప్రాణం. నెల్లూరు జాతి గొర్రెలు తిరిగే ఉదయగిరి, ఆత్మకూరు మెట్టలో ఈ సంగతి ఒకరు చెప్పనక్కర్లేదు: ఎరువు కోసం చేలో మంద కట్టిన రాత్రి, కుక్క మొరగగానే కర్ర పట్టుకుని లేచేవాడే కాపరి.

అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఈ రెండు ఊళ్లలోనూ కేంద్రాలు పెట్టింది. అక్కడ చదివే తెలుగు బైబిలులోనూ ఈ మాటే ఉంది: 23వ కీర్తనలో దేవుడు కాపరి. 121వ కీర్తనలో ఆయనకు కునుకే లేదు. మందను గాలికొదిలి తమ పొట్ట నింపుకున్న పెద్దలనూ యెహెజ్కేలు 34వ అధ్యాయం కాపరులనే పిలిచి కడిగేస్తుంది. పిలుపు అదే అయినా, ఏమరిచి కూర్చున్న నాయకుడికి ఆ పేరు చెల్లదు.